ముసురు రోజు కొండ నడకకు మూడు పొరల రెయిన్ జాకెట్ ఎంతవరకు పనికొస్తుంది?

తీర్పు ముందే చెప్పేస్తే చదవడం తేలిక. మబ్బు కదలకుండా కూర్చున్న రోజున, చెట్ల మధ్య కొండ ఎక్కి దిగే నడకకు మూడు పొరల రెయిన్ జాకెట్ కొనదగ్గ వస్తువే. కాకపోతే ఆ రోజు ఎక్కువ సేపు అది ఉండాల్సింది ఒంటి మీద కాదు, సంచిలో. దీన్ని అమ్మేవాళ్ళు చెప్పేది ఒక్కటే మాట: వాన లోపలికి రాదు, చెమట బయటికి పోతుంది. అందులో మొదటి సగం దాదాపు నిజం. రెండో సగం మాత్రం సరిగ్గా ఇలాంటి ముసురు రోజునే చేతులెత్తేస్తుంది. ఎందుకో అర్థమైతే లేబుల్ మీద ఏ అంకెను చూడాలో, దేన్ని వదిలేయాలో కూడా తెలిసిపోతుంది.

ముందు పొరల సంగతి. పైన నైలాన్ లేదా పాలియెస్టర్ గుడ్డ, మధ్యలో నీటిని ఆపే మెంబ్రేన్, లోపల పల్చటి అల్లిక గుడ్డ, మూడింటినీ అతికించి ఒకే గుడ్డలా చేస్తే అది మూడు పొరలది. లోపలి గుడ్డకు బదులు మెంబ్రేన్ మీద సన్నటి చుక్కలో గీతలో అచ్చు వేసి సరిపెడితే రెండున్నర పొరలు. లైనింగ్ విడిగా వేలాడుతుంటే రెండు పొరలు. ఈ చివరిది ఊళ్ళో తిరగడానికి బాగుంటుంది. కొండ మీద మాత్రం ఒకసారి తడిసిన లైనింగ్ ఆ రోజుకు ఆరదు. రెండున్నర పొరలవి చాలావరకు 200 నుంచి 350 గ్రాములు, మూడు పొరలవి 350 నుంచి 500 గ్రాములు తూగుతాయి. బరువు తేడా చూసి రెండున్నర వైపు మొగ్గేవాళ్ళు రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, చెమట పట్టిన చేతికి లోపలి పూత ప్లాస్టిక్ కాగితంలా అతుక్కుంటుంది. రెండు, సంచి పట్టీలు రోజూ రాసుకునే భుజాల దగ్గర ఆ అచ్చు ముందుగా అరిగిపోతుంది. ఎప్పుడో వాన పడితే వేసుకుందామని అడుగున పడేసే జాకెట్ అయితే రెండున్నర చాలు. ముళ్ళపొదల్లోంచి, భుజాన సంచితో, గంటల తరబడి నడిచేవాళ్ళకు మూడు పొరలే.

ఇక లేబుల్ మీది అంకెలు. 10,000 మిల్లీమీటర్లు, 20,000 మిల్లీమీటర్లు అని రాసేది గుడ్డ ఎంత ఎత్తు నీటి స్తంభం బరువును ఆపుతుందన్న లెక్క. ఐఎస్ఓ 811 పరీక్షలో గుడ్డను బిగించి ఒకవైపు నీటి ఒత్తిడి పెంచుకుంటూ పోతారు. మూడు చోట్ల చుక్క కనిపించినప్పటి ఒత్తిడే ఆ అంకె. 10,000 అంటే 10 మీటర్ల నీటి స్తంభం, అంటే సుమారు ఒక వాతావరణ పీడనం. పడే వానచినుకుకు అంత ఒత్తిడి ఉండదు. నిజంగా నొక్కేది సంచి పట్టీ కింద, తడి బండ మీద కూర్చున్నప్పుడు, మోకాలు ఆనించినప్పుడు. కాబట్టి కొత్త జాకెట్‌లో 10,000 దాటిన తర్వాత ఆ అంకె పెరిగినంత మాత్రాన మీరు అదనంగా పొడిగా ఉండేదేం లేదు. నీరు వచ్చేది గుడ్డలోంచి కాదు. మెడ, ముంజేయి, జిప్పు, కుట్ల మీద అతికించిన టేపు ఊడిన చోటు, వీటిలోంచి.

రెండో అంకె చదరపు మీటరుకు 24 గంటల్లో ఇన్ని గ్రాముల ఆవిరి బయటికి పోతుందనేది. దీన్ని కొలిచే పద్ధతులు ఒకటి కాదు. గుడ్డను మూతలా బిగించిన గిన్నెను నిటారుగా పెట్టి కొలిచినది, తలకిందులుగా పెట్టి కొలిచినది ఒకే గుడ్డకు వేరువేరు ఫలితాలిస్తాయి. ఏ పద్ధతో రాయకుండా 20,000 అని ఒక కంపెనీ, 15,000 అని ఇంకో కంపెనీ వేస్తే ఆ రెంటినీ పోల్చడంలో అర్థం లేదు. ఆర్‌ఈటీ అనే అంకె ఇచ్చి ఉంటే కొంత నమ్మొచ్చు. చెమట పట్టే చర్మంలా వేడిగా, తడిగా ఉంచిన పలక మీద గుడ్డను పరిచి, ఆవిరిని అది ఎంత అడ్డుకుంటుందో కొలుస్తారు కాబట్టి, తక్కువుంటే మంచిది. 6 లోపు చాలా బాగా, 13 దాకా ఫర్వాలేదు, 20 దాటితే ఎక్కుడులో ఉడికిపోతారు.

అయితే ఎంత మంచి ఆర్‌ఈటీ ఉన్నా, మెంబ్రేన్ తనంతట తాను ఆవిరిని తోయదు. లోపల ఆవిరి పీడనం ఎక్కువ, బయట తక్కువ ఉంటేనే ఆవిరి అటు కదులుతుంది. ముసురు రోజున బయట తేమ 95 శాతం దాకా ఉంటుంది. జాకెట్ లోపల 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ అనుకుంటే ఆవిరి పీడనం దాదాపు 3.4 కిలోపాస్కల్స్. బయట 5 డిగ్రీల చలి ఉంటే అదే 95 శాతం తేమతో అక్కడి పీడనం 0.8 మాత్రమే. తేడా 2.6 ఉంది కాబట్టి చెమ్మ కదులుతుంది. అదే బయట 25 డిగ్రీలైతే పీడనం 3.0కి చేరుతుంది, తేడా 0.4 మిగులుతుంది. అంటే అదే జాకెట్ ఆరో వంతు పని కూడా చేయదు. తేమ శాతం మారలేదు, మారింది వెచ్చదనం ఒక్కటే. వెచ్చటి ముసురులో ఖరీదైన మెంబ్రేన్‌కీ మామూలు దానికీ తేడా తెలియకపోవడానికి కారణం ఇదే. పోనీ చలి రోజున బాగుంటుందా అంటే అక్కడ ఇంకో చిక్కు: చల్లబడిన జాకెట్ లోపలి వైపే ఆవిరి నీళ్ళై పేరుకుంటుంది. "లీకైంది" అని వెనక్కి ఇచ్చే జాకెట్లలో చాలావాటి తప్పు ఇదే, కారింది వాన కాదు, మన చెమటే. ఎక్కుడులో మనిషికి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పట్టడం మామూలే. ఏ గుడ్డా అంత మోయలేదు.

అందుకే ఇలాంటి నడకకు జాకెట్ ఎంచేటప్పుడు మెంబ్రేన్ పేరు కంటే గాలి ఆడే దారులు చూడాలి. చంకల కింద జిప్పులు కనీసం ఒక జానెడు పొడవుండాలి, రెండు వైపుల నుంచీ తెరుచుకునేవి అయితే మరీ మంచిది. ముందు జిప్పు కూడా కింది నుంచి తెరవగలిగితే, సంచి నడుము పట్టీ పెట్టుకుని కూడా పొట్ట దగ్గర గాలి ఆడుతుంది. కొన్ని జాకెట్లకు చంక జిప్పులు తీసేసి బరువు తగ్గించామని గొప్పగా చెప్తారు. ఒక 30, 40 గ్రాముల కోసం పనికొచ్చే ఒక్క దారినీ మూసేయడం అది. జేబుల లోపల మెష్ ఉంటే వాటినీ తెరిచి గాలికి వాడుకోవచ్చు, కానీ వాన అటు కొడితే తెరిచిన జేబు దోనెలా నిండుతుంది.

అడవిలో వాన తీరు వేరు. సన్నటి తుంపర ఆకుల మీద పేరుకుని, పెద్ద బొట్లై రాలుతుంది. మైదానంలో తెలియనంత చిన్న జల్లు చెట్ల కింద టపటపా పడుతుంది, వాన ఆగాక కూడా చాలాసేపు ఆగదు. దానికి తోడు బాటకు రెండు వైపులా నడుమెత్తు పొదలు తడి పట్టుకుని కూర్చుని ఉంటాయి. మనం వాటిని రాసుకుంటూ పోతే ఆ నీళ్ళన్నీ తొడలకీ ముంజేతులకీ. జాకెట్ మీద పడ్డ నీరు కూడా అంచు నుంచి కారేది తొడల మీదికే. పిరుదుల దాకా రాని కురచ జాకెట్ కొని "పొడిగా ఉంచలేదు" అంటే లాభం లేదు. కింద ఏం వేసుకున్నామన్నదీ ముఖ్యమే. నూలు ప్యాంటు తడిస్తే బరువెక్కి కాలికి చుట్టుకుంటుంది, పల్చటి నైలాన్ ప్యాంటు తడిసినా నడుస్తుండగానే ఒంటి వేడికి ఆరుతుంది. సన్నటి తుంపరకు రెయిన్ ప్యాంటు అక్కర్లేదు. పొదలు ఎక్కువున్న బాటలో మాత్రం వాన లేకపోయినా వేసుకోవాల్సి రావచ్చు.

పైగుడ్డ మందం గురించి కాస్త ఆగి మాట్లాడాలి. దాన్ని డెనియర్‌లో చెప్తారు, గుడ్డలో వాడిన నూలు ఎంత లావో చెప్పే కొలత. 20 డెనియర్ గుడ్డ చేతికి పట్టులా ఉంటుంది, ముల్లు తగిలితే చిరుగుతుంది. 40 నుంచి 70 మధ్య ఉంటే అడవి బాటకు సరిపోతుంది. అంతకుమించితే మడతపెట్టి సంచిలో పెట్టడం కష్టమవుతుంది.

ఆ గుడ్డ మీద నీటిని జార్చే పూత ఒకటి ఉంటుంది, డీడబ్ల్యూఆర్ అంటారు. జాకెట్ ప్రాణం అంతా అక్కడే. కొత్త జాకెట్ భుజం మీద చుక్క పడితే ముత్యంలా గుండ్రంగా నిలబడి, భుజం వంచగానే దొర్లి పోతుంది, వెనకాల తడి గీత కూడా ఉండదు. పూత అరిగిన చోట చుక్క చప్పగా పరుచుకుంటుంది, అర నిమిషంలో చుట్టూ ముదురు మచ్చ పాకుతుంది. మొదట భుజాల మీద పట్టీల కింద, తర్వాత ముంజేతుల మీద, ఆపైన నడుము పట్టీ దగ్గర ఇలా అవుతుంది. లోపలికి నీరు రాదు, మెంబ్రేన్ ఆపుతూనే ఉంటుంది. కానీ నీళ్ళు తాగిన పైగుడ్డ మెంబ్రేన్ మీద తడి దుప్పటిలా పరుచుకుని ఆవిరికి దారి మూసేస్తుంది, ఒంటికి చల్లగా తగులుతుంది. జాకెట్ పాతబడి లీకవుతోందని పారేసే వాటిలో చాలా వాటికి కావాల్సింది మంచి ఉతుకు మాత్రమే.

ఉతుకు అనగానే చాలామంది భయపడతారు, ఉతికితే పాడవుతుందని. ఉతక్కపోతేనే పాడవుతుంది. చర్మం నూనె, సన్‌స్క్రీన్, మట్టి పైగుడ్డకు నీరు అంటుకునేలా చేస్తాయి, మెడ దగ్గర పొరల జిగురును కూడా తినేస్తాయి. జిప్పులు, వెల్క్రోలు అన్నీ మూసి, లేబుల్ మీద చెప్పిన వేడిలో (సాధారణంగా 30 లేదా 40 డిగ్రీలు), ఇలాంటి గుడ్డల కోసమే అమ్మే ద్రవ సబ్బుతో ఉతకాలి. మామూలు సబ్బు పొడి అవశేషం గుడ్డలో మిగిలి నీటిని పీల్చుకుంటుంది. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్, బ్లీచ్ దగ్గరికి కూడా రానివ్వకూడదు. మిషన్‌లో సబ్బు వేసే అరలో పాత సాఫ్ట్‌నర్ జిడ్డు ఉంటుంది, దాన్ని ముందే కడగాలి. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. రెండుసార్లు మంచినీళ్ళలో జాడించి, ఆరాక, లేబుల్ ఒప్పుకుంటే డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద ఇరవై నిమిషాలు తిప్పాలి. ఆ వేడికే పూత మళ్ళీ లేచి నిలబడుతుంది. డ్రయ్యర్ లేకపోతే పల్చటి బట్ట పైన వేసి ఇస్త్రీ పెట్టె తక్కువ వేడి మీద రుద్దినా పని జరుగుతుంది, అదీ లేబుల్ ఒప్పుకుంటేనే. ఇంత చేశాక కూడా చుక్క నిలవకపోతే అప్పుడు కొత్త పూత. ఉతికే నీళ్ళలో కలిపేది కాకుండా పైన చల్లేదే మేలు, ఎందుకంటే మొదటిది లోపలి అల్లిక గుడ్డకు కూడా పట్టి చెమట పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది. పైన చల్లేటప్పుడు గుడ్డ తడిగా ఉండాలి, భుజాల మీదా ముంజేతుల మీదా రెండోసారి కూడా చల్లాలి, మిగిలిన తెల్ల మరకలు తడిబట్టతో తుడిచేయాలి.

ఈ మధ్య వస్తున్న జాకెట్లకు ఈ ఉతుకు ఇంకా ఎక్కువ కావాలి. 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్ రకం ప్లాస్టిక్‌ను ఒక్క ఉదుటున సాగదీసి సన్నటి రంధ్రాల పొరగా మార్చాడు, ఇలాంటి మెంబ్రేన్లలో పేరుపడ్డ గోర్‌టెక్స్ పుట్టింది అక్కడే. ఆ పొరలోనూ పైపూతలోనూ దశాబ్దాల పాటు వాడినవి ఫ్లోరిన్ రసాయనాలు. ఇవి నీటినే కాదు, నూనెను కూడా దూరం పెట్టేవి. కానీ నేలలో, నీళ్ళలో ఎన్నేళ్ళకూ నశించవు. అందుకే కంపెనీలు వాటిని వదులుకుంటున్నాయి. కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి నుంచి బట్టల్లో వీటిని చాలావరకు నిషేధించింది. గోర్‌టెక్స్ కూడా 2022లో పాలిథిలిన్‌తో చేసిన కొత్త మెంబ్రేన్ తెచ్చింది. కొత్త పూతలు నీటిని జార్చడంలో బాగానే ఉన్నాయి, నూనె ముందు మాత్రం తేలిపోతున్నాయి. మెడ, ముంజేయి అంచులు జిడ్డెక్కగానే అక్కడ నీరు పట్టేస్తుంది. ఇది జాకెట్ లోపం కాదు, తెలిసి చేసుకున్న బేరం. మార్పు మంచిదే, దానికి తగ్గట్టు ఉతికే అలవాటు మారాలి.

హుడ్ విషయంలో రాజీ పడకూడదు. ముసురులో, మంచు దిగిన అడవిలో దారి కనబడటమే కష్టం. కొట్లో హుడ్ పెట్టుకుని, బిగించి, తల ఎడమకూ కుడికీ తిప్పి చూడండి. హుడ్ తలతో పాటు తిరగాలి. ముక్కు హుడ్ గుడ్డలోకి దూరిందంటే అది వద్దు. పైకి చూస్తే అంచు కళ్ళ మీదికి జారకూడదు. అంచులో వంచితే అలాగే నిలిచే తీగో గట్టి పట్టీయో ఉండాలి, మెత్తటి అంచు నాలుగు చుక్కలు పడగానే వాలిపోయి ముక్కు మీదికి కారుతుంది. బిగింపులు రెండు ముఖం పక్కన, ఒకటి తల వెనక ఉండాలి. ముఖం పక్కన లాగే తాడు చివరలు బయట వేలాడుతుంటే గాలికి బుగ్గ మీద కొడతాయి, లోపలికి పోయేవి మేలు. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: హుడ్ వేసుకుంటే చెవులకు వాన చప్పుడు తప్ప ఏమీ వినపడదు. వాగు దగ్గర, బండి బాట దాటేటప్పుడు, వెనక ఉన్నవాళ్ళు పిలుస్తున్నారనిపించినప్పుడు తీసేయాలి. చిన్న తుంపరకైతే అంచున్న టోపీ చాలు.

ముందు జిప్పు మీద రబ్బరులా మెరిసే పూత ఉంటే దాన్ని వాటర్‌ప్రూఫ్ అనుకోవద్దు. నీటిని కాసేపు తట్టుకుంటుంది, అంతే. లోపల వెడల్పాటి పట్టీ ఉందో లేదో చూడాలి, కారినది దాని మీదుగా కిందికి పోతుంది. మణికట్టు దగ్గర వెల్క్రో తప్పనిసరి. చేతికర్రతో నడుస్తుంటే చేయి కిందికే ఉంటుంది కాబట్టి నీరు వేళ్ళ వైపు పోతుంది. అడ్డమొచ్చిన తడి కొమ్మను చేత్తో ఎత్తి పట్టుకోగానే ఆ నీళ్ళు మణికట్టు మీదుగా మోచేతి దాకా జారతాయి. అడవిలో చొక్కా చేతులు తడిసేది ఎక్కువగా ఇలాగే. కొమ్మ ఎత్తే ముందు వెల్క్రో బిగించడం మర్చిపోకండి.

సైజు చూసేటప్పుడు లోపల పల్చటి ఫ్లీస్ (నూగున్న వెచ్చటి చొక్కా) వేసుకుని వెళ్ళండి. రెండు చేతులూ పైకెత్తితే అంచు నడుము పైకి లేవకూడదు, జాకెట్ చేతి అంచు మణికట్టు దాటి మోచేతి వైపు జారకూడదు. జేబులు నడుము పట్టీకి పైన ఉన్నాయో లేదో సంచి పెట్టుకుని మరీ చూడాలి, పట్టీ కింద నలిగిపోయిన జేబు ఉన్నా లేనట్టే. రంగు ఎరుపో నారింజో ఉంటే బూడిదరంగు వెలుతురులో దూరం నుంచి కనబడతారు. ఆకుపచ్చ, నలుపు ఫోటోల్లో బాగుంటాయి, వెతికేవాళ్ళకు కనబడవు.

వాడే తీరు సరిగ్గా లేకపోతే ఇవన్నీ వృథా. బయలుదేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి. వెచ్చగా బయలుదేరితే మొదటి ఎక్కుడు సగంలోనే లోపలి చొక్కా తడుస్తుంది, శిఖరం దగ్గర గాలికి ఆ తడే వణికిస్తుంది. మబ్బు మాత్రమే ఉండి వాన లేకపోతే, లేక దుమ్ములాంటి తుంపర ఉంటే, గాలిని ఆపే సుమారు 100 గ్రాముల పల్చటి చొక్కా ఈ జాకెట్ కంటే ఎంతో నయం. మెంబ్రేన్ లేదు కాబట్టి గాలి ఆడుతుంది, కాస్త తడిసినా ఒంటి వేడికి ఆరిపోతుంది. బొట్లు ఒకదానితో ఒకటి కలిసి చేతి మీద కారడం మొదలయ్యాక జాకెట్ సంచిలోంచి తీసి వేసుకోవాలి, అదీ ఆగి, సంచి దించి, చంక జిప్పులు తెరిచి ఉంచి. ఎక్కుడులో మళ్ళీ వేడెక్కితే చెమట పట్టేదాకా ఆగకుండా వేగం తగ్గించాలి. జాకెట్ విప్పడం కంటే నడక నెమ్మదించడం తేలిక. ఆగినప్పుడు, గట్టు మీద గాలిలో, దిగుడులో, ఈ మూడు చోట్లా జాకెట్ డబ్బుకు న్యాయం చేస్తుంది. లోపల పొడుగు చేతుల పల్చటి మెరినో ఉన్ని లేదా పాలియెస్టర్ చొక్కా ఉండాలి. పొట్టి చేతుల చొక్కా మీద వేస్తే మోచేతుల దగ్గర జిగటే.

గాలి లేని, వెడల్పాటి అడవి బాట అయితే నిజానికి గొడుగును మించింది లేదు. ఆవిరి సమస్యే ఉండదు. ఇరుకు పొదల్లో, గట్టు మీద గాలిలో దానితో పని లేదు. తల మీంచి దుప్పటిలా వేసుకునే పాంచో సంచిని కూడా కప్పుతుంది, కానీ ముళ్ళకు చిక్కుకుంటుంది, దిగుడులో పాదాలు కనబడనివ్వదు. రాళ్ళ దిగుడులో అది ప్రమాదమే.

ఇంటికొచ్చాక సంచిలో ముద్దగా వదిలేయకుండా నీడలో వేలాడదీయాలి. పాలియురిథేన్ మెంబ్రేన్ చెమ్మలో మగ్గితే మెల్లగా విరిగి జిగటగా, వాసనగా మారుతుంది. చిన్న చిరుగు పడితే స్పిరిట్‌తో తుడిచి, మూలలు గుండ్రంగా కత్తిరించిన అతుకు వేసి, గట్టిగా అదిమి ఒక రోజు వదిలేయాలి. మూలలు చదరంగా ఉంటే అక్కడి నుంచే లేస్తాయి. కుట్టు టేపు ఒకటి రెండు చోట్ల, ముఖ్యంగా హుడ్ మెడను కలిసే చోట లేస్తే కుట్టుకు పూసే జిగురుతో బాగవుతుంది. లోపలి వైపు బుడగలు లేచినా, పొర పొరలుగా రాలుతున్నా, టేపు అన్ని చోట్లా ఒకేసారి ఊడుతున్నా డబ్బు పెట్టొద్దు. వారంటీ గడువు ఉంటే ముందు ఉతికి, ఆరబెట్టి పంపండి. మురికిగా పంపినవాటిని కంపెనీలు వెనక్కి పంపేయొచ్చు.